సైరన్‌కి ముందూ తర్వాతా

నెల్లిమర్లలో తెల్లారడమంటే
మిల్లు సైరన్ కూయడం.
రాత్రి షిఫ్టు దిగి, సైకిలు గోడకానించి
చొక్కా మీది జనపనార దులుపుకుంటే
పెరట్లో కోళ్ళు దగ్గుతాయి.

పొద్దున్న లేవగానే ఒక ప్రార్థన
పడుకోబోయే ముందు ఒకటి, అంటుంది పుస్తకం.
నేను పడుకునేదే పొద్దున్న.
అడిగితే, లూథరన్ గుడి బర్నబా అయ్యగారు గడ్డం గోక్కుని
"నువ్వెప్పుడు కళ్ళు తెరిస్తే అదే ఉదయం, తీతూ" అన్నారు.
"ముందు ఐదు నిమిషాలు చాలు.
అరగంట అని మొదలెట్టావో, పదో రోజుకి మానేస్తావు."

మా అమ్మ సాలూరు నుంచి పెళ్ళై వస్తూ
ట్రంకుపెట్టెలో తెచ్చుకున్న చిన్న పుస్తకం అది.
అట్ట లేదు. చివరి ఆజ్ఞల దగ్గర చెద తినేసింది,
పొరుగువాడి ఇల్లు పోయి ఎద్దు మిగిలింది.

మొదటి వారం
గాబులో చెయ్యి ముంచి, తడివేళ్ళతో
నుదుటి నుంచి గుండెకి సిలువ గీసుకుంటుంటే
పక్కింటి దేవదానం గోడ మీంచి చూసి
"ఏటి మావా, ఆర్సీఎంలో కలిసిపోనావేటి?" అన్నాడు.
"కాదురా, నా బాప్తిస్మం గుర్తుసేసుకుంటన్నాను."
"మర్సిపోతే కదా, గుర్తుసేసుకోడానికి!"
మర్చిపోయాను దేవదానం. అదెలా చెప్పను.
నెలల పిల్లాణ్ణి. ఏడ్చానట,
అప్పటి అయ్యగారి అంగీ తడిపానట.
అందులో నేను చేసిందేమీ లేదు.
అదే నాకిష్టం.

రెండో వారం విశ్వాస ప్రమాణం మధ్యలో నిద్రపోయాను.
సమాధి దాకా వెళ్ళి, గోడకి జారబడి.
గురక విని మా గుంట తబిత వచ్చి భుజం తట్టింది:
"నాన్నా, మూడో రోజు ఇంకా రానేదు. లెగు."

పాల లెక్క రాసే కేలండర్లో
ప్రార్థన చేసిన రోజుకో టిక్కు పెట్టుకునేవాణ్ణి.
అర లీటరు, టిక్కు. అర లీటరు, టిక్కు.
ఒకనాడు టీ తాగుతూ అయ్యగారు అది చూసి
"ఇది ఓటీ కాదురా, జీతంలో కలపరు" అన్నారు.
సిగ్గేసింది. పెన్సిలు మాత్రం పారేయలేదు.
ఎగ్గొట్టిన రోజులు కూడా అదే కదా చెప్పేది.

షిఫ్టుకి వెళ్ళేముందు తబిత తల మీద చెయ్యి పెడతాను.
చేసిన తప్పులు వరసగా ఒప్పుకోవాలా,
మేస్త్రీ సింహాచలం పేరు ప్రతిసారీ వస్తుంది.
అతన్ని క్షమించమని కాదు,
అతని మీద పళ్ళు నూరిన నన్ను.
మర్నాడు మళ్ళీ నూరతాను.

తర్వాత లాకౌట్.
గేటుకి కాగితం అంటించారు. సైరన్ కూయలేదు.
ఊరంతటికీ చెవుడొచ్చినట్టుంది.
ఎప్పుడు లేవాలి, ఎప్పుడు మోకరించాలి?
నా దేవుణ్ణి ఆ కూతకి కట్టేశానని
అది ఆగితే గాని తెలీలేదు.
నాలుగు రోజులు పుస్తకం ముట్టలేదు.
చంపావతి గట్టున కూర్చుని
రాయగడ పాసింజరు పోవడం చూశాను, రావడం చూశాను.

ఐదో రోజు, ఎందుకో,
చెయ్యి దానంతటదే గాబులోకి పోయింది.
సిలువ. విశ్వాసం. పరలోక ప్రార్థన,
ఏ రోజు అన్నం ఆ రోజు అడిగే చోట గొంతు కాస్త పట్టింది.
అన్నీ అయ్యాక
ఇక సంతోషంగా పనికి పొమ్మంటుంది పుస్తకం.
అక్కడే కూర్చుండిపోయాను.
ఏ పనికి?

వంటింట్లోంచి ఎస్తేరు కేకేసింది:
"పప్పు నానిపోనాది. ఆమెన్ అనీసి రా."
వీధి చివర ఇడ్లీ బండి పెడదామని రాత్రే అనుకున్నాం.

రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం తిప్పుతుంటే
కడిగి కడిగి తెల్లబడ్డ వేళ్ళ గోళ్ళసందుల్లో
ఇంకా ఓ నారపోగు.
తబిత పెన్సిలు పట్టుకుని కేలండర్ దగ్గర నిలబడింది.
"నాన్నా, ఇయ్యాల్టికి టిక్కు ఎట్టీనా?"
"ఎట్టు."
"మరి ఈ నాలుగు గళ్ళూ?"
"అవి అలాగే ఉండనీ."